జొన్నచేను చుట్టూ తంగూసు వల

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు, పండుగ నాడు పొద్దున్నే బాపుతో కలిసి జొన్నచేను దగ్గరికి పోయాను. మాది నర్సంపేట దిక్కు చిన్న ఊరు. మంచు ఇంకా విడవలేదు. చేను చుట్టూ బాపు కట్టిన తంగూసు వల, అంటే సన్నటి నైలాన్ దారం వల, దూరం నుంచి కనపడనే కనపడదు. దగ్గరికి పోతే దారం దారానికీ మంచు బొట్లు పట్టి సాలెగూడులా ఉంది. అందులో మూడు గిజిగాళ్ళు, ఒక గోరింక వేలాడుతున్నాయి. వాటికి రెండు బారల అవతల పాలపిట్ట. రెక్క విచ్చుకుని అట్లాగే ఉండిపోయింది. ఆ నీలం రంగు అంత మంచులో కూడా కొట్టొచ్చినట్టు కనపడింది. మెడ చుట్టూ దారం మూడు చుట్లు తిరిగి ఉంది.

దసరా నాడు జమ్మికి పోయేటప్పుడు ఆ పిట్ట కనపడాలని ఊరంతా చెట్ల వైపు, కరెంటు తీగల వైపు చూసుకుంటూ నడుస్తాం. కనపడితే మొక్కుతాం. తెలంగాణ వచ్చాక రాష్ట్ర పక్షి అని కూడా పెట్టుకున్నాం. మొక్కి మూడు, నాలుగు నెలలైనా కాలేదు, అది మా వలలో చచ్చి ఉంది. పాలపిట్ట గింజ ముట్టదు. మిడతలు, పేడపురుగులు, తొండలు, చిన్న కప్పలు, ఇదీ దాని తిండి. చేన్లో మిడతను చూసి వాలబోయి చిక్కి ఉంటుంది. అంటే మా జొన్నకు మేలు చేయడానికి వచ్చి చచ్చిపోయిందన్నమాట.

చేను మూలకు పోతే ఇంకోటి. తెల్ల గుడ్లగూబ. మా దగ్గర చావుపిట్ట అంటారు. అది బతికే ఉంది. మమ్మల్ని చూడగానే పాములాగా బుస్సుమంది. రాత్రంతా గుంజుకుని గుంజుకుని కుడి రెక్క మొత్తం దారాల్లో ముద్దయింది.

"పట్టుకో బాపూ, నేను తెంపుత."

"ముక్కుతోని పొడుస్తది బిడ్డా, పైలం."

బాపు తన తువ్వాల దాని మొఖం మీద కప్పి కాళ్ళు పట్టుకున్నాడు. నేను కొడవలి కొనతో ఒక్కో దారం తెంపాను. ఈకలు దూదిలా మెత్తగా ఉన్నాయి, వేలు పెడితే లోపలికి దిగిపోతోంది. రెక్క కీలు దగ్గర ఒక దారం చర్మం కోసుకుని ఎముక దాకా దిగింది. చుట్టూ రక్తం నల్లగా గడ్డకట్టింది. దాన్ని తెంపేటప్పుడు బాపు మొఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. తుమ్మచెట్టు కింద నీడలో వదిలిపెట్టాం. ఎగరలేదు. సాయంత్రం పోయి చూస్తే అక్కడ లేదు. బతికి పోయిందో, కుక్క ఎత్తుకుపోయిందో తెలియదు.

ఇంటికి వచ్చేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు.

బాపు మీద ఎవరికైనా కోపం వచ్చే ముందు ఆయన సంగతి కూడా చెప్పాలి. బాపుకు షుగర్. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తినమన్నాడు డాక్టర్. కొన్న పిండితో రొట్టె సాగడం లేదని, ఇంటి జొన్న ఉంటే బాగుంటుందని ఇరవై గుంటల్లో తెల్లజొన్న వేశాడు. ఆ యాసంగిలో మా ఊరు మొత్తం మీద జొన్న వేసింది మేమొక్కరమే. చుట్టూ వరి, కొంత మక్క, కొంత మిర్చి.

నా చిన్నప్పుడు ఇట్లా లేదు. చెల్కలన్నీ జొన్న, పెసర, కంది, నువ్వులు. జొన్న పాలు పోసుకునే రోజుల్లో ప్రతి చేన్లో ఒక మంచె, మంచె మీద ఎవరో ఒకరు, చేతిలో వడిసెల. ఒక చేన్లో హో అని అరిస్తే పిట్టలు లేచి పక్క చేన్లో వాలేవి, వాళ్ళు అరిస్తే ఆ పక్కకు. అట్లా గుంపు ఊరంతా తిరిగి, తిన్నదేదో అందరి దగ్గరా కొంచెం కొంచెం తినేది. ఎవరికీ పెద్ద నష్టం తెలిసేది కాదు. ఇప్పుడు బావులు, బోర్లు, 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు. నీళ్ళున్న చోట రైతు వరి వేస్తాడు, కొనేవాళ్ళున్న పంట వేస్తాడు. అది తప్పని నేను అనను. కానీ చుట్టూ వరి నాట్లు ఇంకా పచ్చగా ఉన్న జనవరిలో, కంకి మీదున్న ఇరవై గుంటల జొన్న ఒక్కటే కనపడితే పిట్టలు ఎక్కడికి పోతాయి? చుట్టుపక్కల నాలుగూళ్ళ గుంపులన్నీ మా మీదే పడ్డాయి. నాలుగు రోజుల్లో గట్టు పక్క సాళ్ళలో కంకులు ఒట్టి బూరే మిగిలాయి. చిలుకలైతే తినేదానికంటే కొరికి పారేసేదే ఎక్కువ.

లెక్క కూడా చెప్తాను. జొన్నకు పిట్టల భయం ఉండేది పాలు పోసుకున్నప్పటి నుంచి గింజ గట్టిపడేదాకా, మూడు నాలుగు వారాలు. మా ఊళ్ళో కావలికి కూలి రోజుకు 500 రూపాయలు. 25 రోజులకు 12,500. ఇరవై గుంటల్లో ఐదు క్వింటాళ్ళు వస్తే గొప్ప. క్వింటాలు మూడు వేల చిల్లర. అంటే పంట విలువలో ఎక్కువ భాగం కావలికే పోతుంది. బాపు తానే రెండు రోజులు డబ్బా కొట్టుకుంటూ కూర్చున్నాడు, నడుము పట్టేసింది. అప్పుడు ఎవరో తంగూసు వల చెప్పారు. 1,800 రూపాయలకు వచ్చింది. ఒక్కసారి కడితే రాత్రీ పగలూ కాపలా.

ఆ రాత్రి కాపలా దగ్గరే అసలు తంటా. జొన్న తినే పిట్టలు చీకటి పడగానే గూటికి పోతాయి. చీకట్లో చేన్లో తిరిగేది ఎలుకలు, వాటి కోసం వచ్చే గుడ్లగూబలు, పురుగుల కోసం వచ్చే గబ్బిలాలు, నేల మీద పాములు. రాత్రిపూట ఆ వలలో చిక్కేవాటిలో ఒక్కటి కూడా జొన్న తినేది కాదు. ఎలుక మాత్రం పళ్ళతో దారం కొరుక్కుని హాయిగా లోపలికి పోతుంది.

మా పాడుబడ్డ బావి గోడల్లో ఆ తెల్ల గుడ్లగూబల జంట ఏళ్ళుగా ఉంటోంది. మా అవ్వ అటు వైపు పోనిచ్చేది కాదు. పండుగ మరునాడు నేను బావి దగ్గరికి పోయి చూశాను. గట్టు మీద బొటనవేలంత ఉండలు పడి ఉన్నాయి, నల్లగా, ఎండిపోయి. గుడ్లగూబ ఎలుకను మొత్తంగా మింగి, అరగని బొచ్చు, ఎముకలు మళ్ళీ ఉండలా కక్కేస్తుంది. ఒక దాన్ని పుల్లతో విప్పాను. బూడిదరంగు బొచ్చు మధ్యలో రెండు పుర్రెలు, దవడ ఎముకలు, వాటికి ఇంకా పసుపు పచ్చటి ముందుపళ్ళు. ఒక్క ఉండలో రెండు ఎలుకలు. అట్లాంటి ఉండలు అక్కడ చేటెడు ఉన్నాయి. తీసుకొచ్చి బాపుకు చూపించాను. ఆయన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "గిన్ని తింటదా ఇది" అన్నాడు, అంతే.

ఆ ఎలుకలు మా జొన్నలోవే కావు. పక్కనున్న వరిలో, ఆ పక్క మక్కలో, మిర్చిలో అందరి చేన్లలోవీ. నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. పిట్ట తిన్న జొన్న ఒక్క బాపుది. గుడ్లగూబ చేసిన మేలు మాత్రం ఊరందరిది. నష్టం ఒక్కడి మీద పడినప్పుడు, ఆ ఒక్కడు తనకు చేతనైన, చవకైన దారి వెతుక్కుంటాడు. ఆ చవక దారి వల కావచ్చు, మందు కావచ్చు. దానివల్ల ఊరందరి ఆస్తి పోతుంది. ఎవరి లెక్కలోనూ అది రాయరు.

వల కనీసం తన చేను దాటి పోదు. మందు అట్లా కాదు.

మా ఊరి అవతల ఒక రైతు, పేరు వద్దు, మూడేళ్ళ కింద మక్కకు చిలుకల బాధ పడలేక నూకల్లో గుళికలు కలిపి గట్ల మీద చల్లాడు. మందుల షాపులో అడిగితేనే చెప్పారట, ఇట్లా చేయొచ్చని. చిలుకలు పెద్దగా చావలేదు, అవి కంకి మీదనే వాలతాయి, నేల మీది నూకలకు అంతగా దిగవు. చచ్చినవి గువ్వలు, పిచ్చుకలు, రెండు కాకులు, ఒక నెమలి. ఆ కాకులు నూకలు తిని చచ్చాయో, చచ్చిన గువ్వను తిని చచ్చాయో ఎవరికీ తెలియదు. చివరికి ఆ ఇంటి కుక్క కూడా పోయింది. నెమలి సంగతి బయటికి పొక్కితే కేసవుతుందని రాత్రికి రాత్రి పూడ్చిపెట్టారు. పాలపిట్ట, చిలుక, నెమలి, గుడ్లగూబ, అన్నిటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఊళ్ళో ఆ సంగతి నెమలి విషయంలోనే తెలుసు.

ఆ గుళికల్లో ఉండేది కార్బోఫ్యూరాన్. ఫ్యూరడాన్ అంటే అందరికీ తెలుస్తుంది. వరికి కాండం తొలిచే పురుగు మీద వాడేదే. పిట్టలకు పళ్ళుండవు కదా, కందనకాయలో గింజ నలగడానికి ఇసుక రవ్వలు, చిన్న రాళ్ళు ఏరుకుని మింగుతాయి. గుళిక చూడటానికి అచ్చం ఇసుక రవ్వలాగే ఉంటుంది. చిన్న పిట్ట చావడానికి ఒక్క గుళిక చాలు. నరాలను పట్టే మందు అది. పిట్ట వణుకుతుంది, రెక్కలు కొట్టుకుంటుంది, ఎగరలేక నేల మీద దొర్లుతుంది. గద్దకో కాకికో పిల్లికో అంతకంటే సులువుగా దొరికే తిండి ఉండదు. పిట్ట పొట్టలో ఇంకా అరగని విషపు గింజలు అట్లాగే ఉంటాయి, అవి తిన్నదాని కడుపులోకి పోతాయి. అమెరికాలో ఈ గుళికలను పిట్టల చావుల కారణంగానే 1990ల్లో దాదాపు ఆపేశారు. మన దగ్గర 2020లో కేంద్రం నిషేధించాలని ముసాయిదా ఇచ్చిన 27 మందుల్లో ఇదీ ఉంది. 2023లో 3 శాతం గుళికలను మాత్రం వదిలి మిగతా రూపాలు ఆపారు. ఆ వదిలినవే ఊళ్ళో వాడేవి.

మోనో సంగతి కూడా అంతే. మిర్చికీ పత్తికీ మనవాళ్ళు మోనోక్రోటోఫాస్ ఎంత కొట్టారో వరంగల్ జిల్లాలో వేరే చెప్పక్కర్లేదు. అర్జెంటీనాలో 1995-96లో మిడతల మీద ఇదే మందు కొట్టారు. ఉత్తర అమెరికా నుంచి చలికాలానికి అక్కడికి వలస వచ్చే ఒక జాతి డేగలు ఆ మిడతలను తిని వేలల్లో రాలిపోయాయి. డేగలను చంపాలని అక్కడ ఎవరూ అనుకోలేదు. మా చేన్లో పాలపిట్ట తినేది కూడా మిడతలనే.

పిట్టలనే పనిగట్టుకుని చంపిన కథ ఆఫ్రికాది. అక్కడ క్వీలియా అని పిచ్చుకంత పిట్ట, ముక్కు ఎర్రగా ఉంటుంది, జొన్న, సజ్జ చేన్ల మీద లక్షల్లో పడుతుంది. ప్రభుత్వాలే విమానాలు పెట్టి, అవి రాత్రి వాలే చోట్ల ఫెంథియాన్ అనే మందు చల్లిస్తాయి. ఎన్నో దశాబ్దాలుగా కోట్ల పిట్టలను చంపారు. ఆ చోట్ల గుడ్లగూబలు, గద్దలు, వేరే పిట్టలు కూడా చచ్చి పడి ఉంటాయి. క్వీలియా మాత్రం ఇప్పటికీ ప్రపంచంలోకెల్లా ఎక్కువ సంఖ్యలో ఉన్న అడవి పక్షుల్లో ఒకటిగానే ఉంది. అది త్వరత్వరగా పిల్లలు పెట్టుకుంటుంది, తిండి ఉన్న చోటికి పోతుంది. గద్ద ఏడాదికి ఒకసారి కొద్ది గుడ్లే పెడుతుంది, అది మళ్ళీ పుంజుకోవాలంటే ఎన్నేళ్ళు పడుతుంది? పంట తినే పిట్టను మందుతో తగ్గించగలం అనుకునే వాళ్ళందరికీ నేను చెప్పేది ఇదే. మందుకు త్వరగా తరిగిపోయేవి ఆ పిట్టను అదుపులో పెట్టే పక్షులే.

మనకు దగ్గరగా రాబందుల కథ ఉండనే ఉంది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు పాడుచేసింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేసరికి దేశంలో రాబందులు దాదాపు ఖాళీ అయ్యాయి. 2013లో ఆసిఫాబాద్ దిక్కు బెజ్జూర్ అడవిలో, పాలరాపు గుట్ట మీద కొన్ని కనపడితే అదో పెద్ద వార్త. మా బాపు చిన్నప్పుడు గొడ్డు చస్తే ఊరవతల వాలేవట, గుంపులు గుంపులుగా. నేను ఒక్కదాన్నీ చూడలేదు.

ఇంకో మాట. పంటకు శత్రువు అనుకుంటున్న పిట్ట కూడా ఏడాది పొడుగునా శత్రువు కాదు. గిజిగాడు, పిచ్చుక పెద్దయ్యాక గింజలే తింటాయి కానీ, పిల్లలకు పెట్టేది పురుగులే. వానాకాలంలో బావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడేటప్పుడు ఒకసారి నిలబడి చూడండి. నిమిషం ఖాళీ లేకుండా నోట్లో పచ్చపురుగు పెట్టుకుని వచ్చిపోతుంటాయి. అప్పుడే మన పత్తీ మక్కా పెరుగుతుంటాయి. 2018 నుంచి మక్కను పీడిస్తున్న కత్తెర పురుగుకు వ్యవసాయ అధికారులు చెప్పే సలహాల్లో చేన్లో పక్షి స్థావరాలు పెట్టమనేది ఒకటి. కర్రలు పాతి, పైన అడ్డంగా ఇంకో కర్ర కడితే గోరింకలు, నల్ల ఏట్రింతలు వాలి పురుగులను ఏరుకు తింటాయని. ఆ మాట విని ఒక చేన్లో కర్రలు పాతుతాం, పక్క చేన్లో వల కడతాం. మా వలలో చచ్చిన గోరింక ఏ కర్ర మీద వాలిందో!

అయితే ఏం చేయాలి అని బాపు నన్ను అడిగాడు. కోపంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. "నువ్వు చెప్పినట్టే చేద్దాం బిడ్డా, కని జొన్న దక్కాలె." ఆ మాటకు జవాబు లేకుండా పిట్టల మీద ప్రేమ ఒలకబోయడం నాకిష్టం లేదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, పంటకు పిట్టల వల్ల వచ్చే నష్టం మీదే ఏళ్ళుగా పనిచేస్తున్న విభాగం ఉంది. చంపకుండా ఆపే పద్ధతులు వాళ్ళు చెప్తూనే ఉన్నారు. ఒక వైపు ఎరుపు, ఒక వైపు వెండి రంగు మెరుపు రిబ్బను. పైరు కంటే అడుగెత్తున, ఉత్తర దక్షిణాలుగా, మెలితిప్పి కట్టాలి. ఎండకు తళుక్కుమంటుంది, గాలికి జుమ్మని మోగుతుంది. పిట్టలు భయపడతాయి. కొన్నాళ్ళకు అలవాటు పడతాయి కాబట్టి ముందే కట్టకూడదు, పాలు పోసుకునేటప్పుడు కట్టాలి. మక్కకైతే చుట్టూ మూడు నాలుగు సాళ్ళలో కంకిని దాని ఆకులతోనే చుట్టేయడం. చిలుకలు ఎక్కువగా గట్టు పక్క సాళ్ళ మీదే పడతాయి, లోపలికి తక్కువ పోతాయి. కంకి కనపడకపోతే వదిలేస్తాయి. కోడిగుడ్డు ద్రావణం కొడితే ఆ వాసనకు రావని చెప్తారు. వీటిలో ఏదీ ఒక్కటే సరిపోదు, రెండు మూడు కలిపి, మారుస్తూ చేయాలి. పని ఎక్కువే.

వల తప్పదు అనుకుంటే తంగూసు మాత్రం వద్దు. కంటికి కనపడే రంగుది, లావు దారంది, చిన్న కన్నులది, వదులు లేకుండా బిగించి కట్టాలి. నేలకు అడుగు పైన ఆపితే పాములు కింద నుంచి పోతాయి. చీకటి పడేముందు తీసేసి తెల్లారి మళ్ళీ వేయాలి. తీయలేకపోతే పొద్దునా సాయంత్రం పోయి చూడాలి. మేము వల కట్టి ఐదు రోజులు చూడలేదు. ఆ పాలపిట్ట ఎన్నో రోజున చిక్కిందో మాకు తెలియదు.

వీటన్నిటికంటే ముఖ్యం అనిపించేది, ఒక్కడు వేసిన జొన్నను ఏ రిబ్బనూ కాపాడలేదు. కనీసం ఐదారుగురు పక్కపక్కన, ఒకేసారి వేయాలి. అప్పుడు నష్టం పలచబడుతుంది, కావలి కూలి పంచుకోవచ్చు. ఉపాధి హామీ పనుల్లో ఆ మూడు వారాల కావలిని కూడా చేర్చితే బాగుంటుందని నా కోరిక. చిరుధాన్యాలు తినండి అని చెప్పే ప్రభుత్వం, వాటిని వేసిన రైతు చేను మీద ఊరి పిట్టలన్నీ పడుతున్నాయని కూడా పట్టించుకోవాలి. 2018లో పక్క రాష్ట్రం రామచిలుకను రాష్ట్ర పక్షి చేసుకుంది, మనది పాలపిట్ట. పక్షిని గుర్తుగా పెట్టుకున్న రాష్ట్రాలు, ఆ పక్షికి తిండి పెట్టే రైతు కావలి కూలిలో కొంత భరిస్తే తప్పేముంది?

దీపావళికి మళ్ళీ ఊరికి పోయాను. బాపు ఈసారి కూడా జొన్న వేశాడు. పక్కనున్న మా కాక పదిహేను గుంటలు, ఇంకో ఇంటివాళ్ళు అరెకరం వేశారు. వాళ్ళింట్లో కూడా షుగరే కారణం. కావలికి ముగ్గురూ కలిసి ఒక మనిషిని మాట్లాడుకున్నారు, రోజుకు ఇంటికి నూట అరవై చిల్లర పడుతుంది. రిబ్బను చుట్టలు ఆరు తీసుకుపోయి ఇచ్చాను. పాత వల పశువుల కొట్టంలో దూలానికి వేలాడుతోంది. కాల్చేద్దాం బాపూ అన్నాను. "కాలిస్తే వాసన కొడతది. సంచిల కట్టి నువ్వే పట్నం తీస్కపో, ఈడుంటే ఎవరో ఒకలు అడుగుతరు" అన్నాడు. తెచ్చాను. హన్మకొండలో మా ఇంటి మెట్ల కింద ఉంది ఇప్పుడు, దారాల్లో ఇంకా ఆ తెల్ల ఈకలు రెండు మూడు చిక్కుకునే ఉన్నాయి.